నడిచెరువులో బోట్ కమిటీ

పని రాకపోయినా వచ్చినట్టు నటించేవాళ్లంటే విజయకుమారికి చిన్నచూపు. యూనివర్సిటీలో చేపల పరిశోధన విభాగంలో లెక్చరరుగా చేరిన తరవాత అలాంటివాళ్లు తప్ప వేరేవాళ్లు ఆమె కంటబడలేదు. అందువల్ల ఆ చిన్నచూపును హెడ్డు మొదలు అటెండరు దాకా అందరికీ ధారాళంగా పంచిపెట్టేది. నోటితో మాత్రం ఒక్క మాట అనేది కాదు. పెదవి చివర చిన్న నవ్వు, అంతే. ఆ నవ్వు ఎవరికీ కనపడదని ఆమె నమ్మకం.

ఆమెది నర్సాపురం. తండ్రి ఏసురత్నం కాలవ మీద ప్యాసింజరు లాంచీ నడిపేవాడు. బడి లేని రోజల్లా విజయకుమారి ఆ లాంచీ మీదే ఉండేది. నడికాలవలో ఇంజను మొండికేస్తే, వెనక జనం తిడుతుంటే, ఏసురత్నం తొణక్కుండా వెళ్లి నూనె ట్యాంకు పక్కన కూర్చునేవాడు. "ట్యాంకు కాడ మొదలెట్టి ఇంజను దాకా నడిచి రావాలమ్మా. ఇంజను కాడ మొదలెట్టేవోడు పొద్దుగూకేదాకా ఇంజన్లోనే ఉంటాడు" అనేవాడు. ఆయన పోయాక తల్లి మరియమ్మను వెంటబెట్టుకుని ఈ ఊరొచ్చి, తార్నాకలో రెండు గదుల వాటాలో కాపురం పెట్టింది. తండ్రి నుంచి ఆమెకు దక్కినవి రెండు: నీళ్ల మీద భయం లేకపోవడం, ఇంజను తెలియనివాడిని చూస్తే నవ్వు రావడం.

విభాగానికి ఒక మోటారు బోటు ఉండేది. ఏదో విదేశీ సంస్థ తాను వాడి వాడి విసిగిపోయాక దానంగా పంపించింది. చెక్క పడవ, దాని వెనక తగిలించే పెట్రోలు ఇంజను, ఇంజనుకు దూరంగా పెట్టుకునే ఎర్రరంగు ఇనప ట్యాంకు, రెంటికీ మధ్య ఒక పైపు. యూనివర్సిటీ భూముల చివర నాచారం వైపున్న చెరువులో ఆ బోటు మీద తిరిగి నీళ్లూ నాచూ పట్టుకురావాలి. అరవై ఎనిమిదో సంవత్సరం వానాకాలం మొదట్లో ఇంజను మూలనపడింది. బోటు షెడ్డులో బోర్లా పడుకుంది. దసరా సెలవులయ్యాక, ఢిల్లీ నుంచి ఒక పెద్దమనిషి విభాగాన్ని చూడటానికి వస్తున్నాడని కబురొచ్చింది. అప్పుడు హెడ్డుకు బోటు గుర్తొచ్చింది.

హెడ్డు డాక్టర్ సూర్యనారాయణ. ఆయన ఒక ఏడాది స్కాట్లండులో చదువుకొచ్చాడు. మిగతా జీవితమంతా ఆ ఏడాది గురించి చెప్పడానికే సరిపోతున్నది. వేసవిలో కూడా కోటు విడిచేవాడు కాదు. బోటు మాట రాగానే విజయకుమారి ఆయన గదికి వెళ్లి, తాను చూస్తానని అడిగింది. చూసి బాగుచేయగలనని కూడా చెప్పింది. ఆయన చాలా మర్యాదగా నవ్వి, ఆ గ్రీజులో ఆడవాళ్లు చేతులు పెట్టడం ఎందుకమ్మా, మీరు మైక్రోస్కోపు చూసుకోండి, దీనికొక కమిటీ వేస్తున్నాను అన్నాడు.

ఆమె బయటికొచ్చి, మైక్రోస్కోపు ముందు కూర్చుని, ఇకమీదట ఈ కమిటీకి ఒక్క మాట సాయం చేస్తే ఏసురత్నం కూతుర్ని కాదనుకుంది.

బోట్ కమిటీకి హెడ్డు అధ్యక్షుడు. స్టోరు చూసే భీమయ్య సభ్యుడు, స్క్రూడ్రైవర్లు ఆయన బీరువాలో ఉంటాయి కాబట్టి. పని చేయవలసినవాడు మాత్రం లక్ష్మీనర్సయ్య. జనగామ దగ్గరి పల్లెటూరి నుంచి వచ్చి, చదువుకుని, టెంపరరీ లెక్చరరుగా చేరిన మనిషి. వారాసిగూడ నుంచి రోజూ సైకిలు మీద వస్తాడు. విభాగంలో విజయకుమారి అందరికన్నా ఎక్కువగా చులకన చేసేది ఇతన్నే. దానికి ఆమె దగ్గర రెండు కారణాలు ఉండేవి. ఒకటి, హెడ్డు ఏమన్నా "అవును సార్" అంటాడు. హెడ్డు తుమ్మినా అంటాడు. రెండోది అతని తెలుగు. ఇంజను మొదలుపెట్టడాన్ని అతను "చాలు జేసుడు" అంటాడు. "ఇంజన్ చాలు జేస్త సార్" అని అతను అన్న మొదటి రోజు, మొదలే కాకుండా చాలంటాడేమిటని విజయకుమారికి పొట్ట చెక్కలైంది. ఆ సాయంత్రం ఇంటికెళ్లి తల్లి ముందు ఆ మాటను అతని గొంతుతో అని చూపించింది. మర్నాడు స్టాఫ్ రూములో కూడా అని చూపించింది. అందరూ నవ్వారు. గుమ్మం దగ్గర టీ గ్లాసు పట్టుకుని లక్ష్మీనర్సయ్య నిలబడి ఉన్నాడని తరవాత ఎవరో చెప్పారు. చెబితే చెప్పారని ఊరుకుంది.

విభాగం వెనక వరండాలో కమిటీ పనిలోకి దిగింది. ఒక డ్రమ్ము నిండా నీళ్లు పోసి, ఇంజను అడుగు భాగం అందులో మునిగేటట్టు కట్టారు. ట్యాంకును పక్కన ఎత్తు స్టూలు మీద పెట్టారు. పాత పైపు పగిలిపోయింది. దాని మధ్యలో చేత్తో నొక్కి పెట్రోలు పంపే రబ్బరు బుడ్డి కూడా చీలిపోయింది. కొత్తది తెప్పించాలంటే ఆలస్యమవుతుందని హెడ్డు ఆలోచించి, ల్యాబులో గ్యాసు బర్నర్లకు తగిలించే ఎర్ర రబ్బరు గొట్టం ఆరు మూరలు తెమ్మన్నాడు. భీమయ్య తెచ్చాడు. అది ముచ్చటగా అతికింది. స్కాట్లండులో ఇలాంటి చిన్న చిన్న ఉపాయాలతోనే పెద్ద పనులు చేస్తారని హెడ్డు చెప్పాడు.

"అవును సార్" అన్నాడు లక్ష్మీనర్సయ్య.

తరవాత వాళ్లు కార్బొరేటరు మీద పడ్డారు. విప్పారు, కడిగారు, బిగించారు. మిగిలిపోయిన ఒక చిన్న రింగును అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ విప్పారు. ప్లగ్గులు గీకారు. హెడ్డు పుస్తకం పట్టుకుని ఇంగ్లీషులో చదువుతుంటే లక్ష్మీనర్సయ్య మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కటే చేస్తున్నాడు. విజయకుమారి క్లాసుకు వెళ్తూ, వస్తూ, ఆ వరండా మీదుగానే నడిచేది. అటువైపు పని లేకపోయినా నడిచేది. ట్యాంకు మూత చూసిన రోజు ఆమెకు పండగలా అనిపించింది.

పెట్రోలు ట్యాంకు మూత మీద ఒక చిన్న స్క్రూ ఉంటుంది. ఇంజను పెట్రోలు పీల్చుకుంటున్నకొద్దీ ఆ ఖాళీలోకి గాలి పోవడానికి దాన్ని వదులు చేయాలి. చేయకపోతే కాసేపటికి లోపల గాలి చాలక ట్యాంకు పెట్రోలును వదలదు, ఇంజను గొంతెండి ఆగిపోతుంది. పెట్రోలు వాసన కోటుకు పడుతున్నదని హెడ్డు ఆ స్క్రూను పకడ్బందీగా బిగించేయమన్నాడు. లక్ష్మీనర్సయ్య బిగించాడు. వరండాలో ఇంజనును కాసేపే నడిపి ఆపేస్తున్నారు కాబట్టి ఆ తప్పు బయటపడలేదు. చెరువులో పడుతుంది. తప్పక పడుతుంది. ఇంత చదివి, ఇన్ని పుస్తకాలు తిరగేసి, ఒక మూత సంగతి తెలియని మనుషులు. విజయకుమారి పెదవి చివర ఆ నవ్వు రోజంతా నిలిచిపోయింది.

ఆ రాత్రి అన్నం దగ్గర ఈ కథ తల్లికి చెప్పింది. మరియమ్మ నవ్వలేదు. చెప్పకపోయావా అని అడిగింది. నన్నెవరు అడిగారు అంది విజయకుమారి. మీ నాన్న అడిగితేనే చెప్పేవాడా అని మరియమ్మ పప్పు వడ్డించింది. విజయకుమారికి ఆ మాట నచ్చలేదు. పెరుగన్నం తినకుండానే లేచింది.

ఢిల్లీ పెద్దమనిషి వచ్చాడు. బాగా వయసు మళ్లినవాడు, షుగరు జబ్బు మనిషి, నెమ్మదస్తుడు. పొద్దున ల్యాబులు చూపించి, మధ్యాహ్నం ఎండ నెత్తి మీదకొస్తున్న వేళకు ఆయన్ని చెరువు దగ్గరికి తీసుకెళ్లారు. బోటులో నలుగురికే చోటు. హెడ్డు, అతిథి ముందు కూర్చున్నారు. నీటి నమూనాలు తీసి చూపించడానికి విజయకుమారి మధ్యలో కూర్చుంది. ఇంజను దగ్గర లక్ష్మీనర్సయ్య. తెడ్లు పెట్టమంటారా అని ఒడ్డు మీది అటెండరు చంద్రయ్య అడిగితే, అవసరం లేదన్నాడు హెడ్డు. తెడ్లు కనిపిస్తే అతిథికి ఇంజను మీద అనుమానం వస్తుందట. ఆ మాట విని విజయకుమారి చెరువు వైపు తిరిగి నవ్వుకుంది. లేచి వెళ్లి ఆ తెడ్లు తానే తెచ్చుకుందామన్న ఆలోచన ఆమెకు రాలేదు. వచ్చినా తెచ్చేది కాదేమో.

ట్యాంకును హెడ్డు కాళ్ల దగ్గర, పడవ అడుగున పెట్టారు. లక్ష్మీనర్సయ్య తాడు లాగాడు. ఇంజను ఒక్క లాగుకే అందుకుంది. హెడ్డు అతిథి వైపు తిరిగి స్కాట్లండు చెరువుల గురించి మొదలుపెట్టాడు. ఒడ్డు మీది తుమ్మచెట్లు చిన్నవైపోతున్నాయి. విజయకుమారి మనసులో లెక్క వేసుకుంటున్నది: ఇక్కడ ఆగదు, ఇంకాస్త ముందుకు, ఇంకాస్త.

నడిచెరువులోకి వచ్చాక ఇంజను దగ్గింది. రెండుసార్లు గుటకలు వేసి ఆగిపోయింది.

ఆ తరవాత జరిగినదంతా విజయకుమారి తీరిగ్గా చూసింది. హెడ్డు కార్బొరేటరు అన్నాడు. లక్ష్మీనర్సయ్య అవునన్నాడు. తాడు లాగాడు, మళ్లీ లాగాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. హెడ్డు ప్లగ్గులన్నాడు. లక్ష్మీనర్సయ్య ప్లగ్గులు విప్పి తుడిచాడు. గాలి పడవను ఒడ్డుకు దూరంగా, తుంగ మొలిచిన అవతలి మూల వైపు మెల్లగా తోసుకుపోతున్నది. ఆ మూల అడుగంతా బురద, మనిషి దిగితే నడుము దాకా దిగబడతాడు. పిలిస్తే వినేంత దగ్గరలో ఎవరూ లేరు. హెడ్డు లేచి నిలబడి చేతులు ఊపాడు. ఒడ్డు మీద చంద్రయ్య కూడా సంతోషంగా చేతులు ఊపాడు.

ఇంకొంచెం సేపు, అనుకుంది విజయకుమారి. ఇంకొక్కసారి కార్బొరేటరు అననీ.

అప్పుడు అతిథి తల వాల్చేశాడు. ముందు నిద్ర అనుకున్నారు. విజయకుమారి దగ్గరికి జరిగి చూస్తే, ముఖం పాలిపోయి, చెమటతో చల్లగా ఉన్నాడు. పెదవులు ఏదో అంటున్నాయి కాని మాట రావడం లేదు. ఎండకో, ఆకలికో, జబ్బుకో, మనిషి తూలిపోతున్నాడు. నమూనా సీసాల పెట్టెలో తన మధ్యాహ్నం టిఫిను ఉంది. షుగరు పడిపోయిందేమోనని అందులోని బెల్లపు ముక్క తీసి ఆయన నోట్లో పెట్టి, నీళ్లు తాగించి, టిఫిను చుట్టిన గుడ్డ ఆయన నెత్తి మీద కప్పింది. తరవాత ఎవరినీ అడక్కుండా ముందుకు వంగి ట్యాంకు మూత మీది స్క్రూ వదులు చేసింది. ట్యాంకు బుస్సుమని ఊపిరి పీల్చుకుంది.

"లాగండి" అంది.

లక్ష్మీనర్సయ్య లాగాడు. నాలుగైదు లాగుల తరవాత ఇంజను అందుకుంది. హెడ్డు మూత వైపు, ఆమె వైపు మార్చి మార్చి చూశాడు. విజయకుమారికి ఆ చూపు ఎంత తీయగా ఉందంటే, అతిథి సంగతి ఒక క్షణం మరిచిపోయింది. ఏసురత్నం కూతురు నడిచెరువులో హెడ్డు కాళ్ల దగ్గర ఒక్క వేలితో ఇంజను బతికించింది. ఇంతమంది మగవాళ్లు, ఒక కమిటీ, ఒక స్కాట్లండు.

పడవ ఒడ్డు వైపు తిరిగింది. లక్ష్మీనర్సయ్య వేగం పెంచాడు. ఇంజను దగ్గి, గుటకలు వేసి, మళ్లీ ఆగిపోయింది.

ఈసారి హెడ్డు, లక్ష్మీనర్సయ్య ఇద్దరూ విజయకుమారి వైపు చూశారు. ఆమె మూత చూసింది. స్క్రూ వదులుగానే ఉంది. ఇంకా వదులు చేసింది. తాడు లాగితే ఇంజను పలకలేదు. ఆమె చెవులు వేడెక్కాయి. ట్యాంకు దగ్గర మొదలెట్టి ఇంజను దాకా నడిచి రావాలన్న తండ్రి మాట ఆమెకు నోటికి వచ్చు. కాని ట్యాంకు దగ్గర తప్పు దొరికేసరికి, ఆ సంబరంలో అక్కడే కూర్చుండిపోయింది. ఇన్ని రోజులు వరండాలో అటూ ఇటూ తిరుగుతూ, ట్యాంకు దాటి ఒక్క అడుగు ముందుకు చూడలేదు.

ఇప్పుడు చూసింది. ఇంజను దగ్గర గొట్టం ఊడదీసింది. రెండు చుక్కలు రాలి ఆగాయి. నోటితో ఊదింది. గాలి సాఫీగా పోయి ట్యాంకులో బుడబుడలాడింది. అడ్డేమీ లేనట్టే. పీల్చి చూసింది. కాస్త పెట్రోలు నాలుకకు తగిలి, ఆ వెంటనే గొట్టం గొంతు మూసుకున్నట్టు బిగిసిపోయింది. ఉమ్మి, మళ్లీ ఊదింది, మళ్లీ పీల్చింది. ఊదితే తెరుచుకుంటున్నది, పీల్చితే మూసుకుంటున్నది. వేళ్లతో నొక్కి చూస్తే ల్యాబులోని ఆ ఎర్ర గొట్టం ఉడికిన పేగులా మెత్తబడి ఉంది. గ్యాసుకు పనికొచ్చే రబ్బరు పెట్రోలులో నాని లోపల్లోపల ఉబ్బిపోయింది. ఇంజను పీల్చినప్పుడల్లా లోపలి గోడలు ఒకదానికొకటి అతుక్కుంటున్నాయి.

రోగం తెలిసింది. మందు లేదు. ఇంకో గొట్టం ఎక్కడినుంచి తెస్తారు? ఆమె ఆ గొట్టాన్ని చేతిలో పట్టుకుని కూర్చుంది. వరండాలో మాత్రం నడిచింది కదా అని హెడ్డు సణిగాడు. అక్కడ నడిచినది ఇక్కడ ఎందుకు నడవదు, ఇది చెరువు ప్రభావమా అన్నాడు. ఆ మాటకు నవ్వే ఓపిక కూడా ఆమెకు లేదు.

లక్ష్మీనర్సయ్య నుదురు తుడుచుకుంటూ ట్యాంకు వైపు చూస్తున్నాడు.

"ఆడ స్టూల్ మీద పెట్టినం గదా" అన్నాడు. "గీడ కింద పెట్టినం. మా ఊర్ల బాయి మీద ఆయిల్ ఇంజన్ ట్యాంకు కారితె, డబ్బల నూనె పోసి గుంజకు పైన కట్టెటోళ్ళం. పీల్చుడు అక్కర లేదు. నూనె దానంతట అదే దిగుతది."

విజయకుమారి అతని వైపు చూసింది. ఆ మనిషి నోట "అవును సార్" కాకుండా వేరే మాట వినడం ఆమెకు అదే మొదటిసారి. అతను చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి ఏమైనా ఉందేమోనని అలవాటు కొద్దీ వెతికింది. లేదు. పెట్రోలు తన బరువుతో తాను దిగితే గొట్టాన్ని లోపలికి లాగేదేమీ ఉండదు.

"ఎత్తి పట్టుకోవాలి" అంది. "ఎవరు పట్టుకుంటారు?"

ఎవరు పట్టుకోవాలో పడవే తేల్చేసింది. ఉబ్బిన గొట్టం ఇంజను మూతి దగ్గర నిలవడం లేదు, జారిపోతున్నది. దాన్ని లక్ష్మీనర్సయ్య రెండు చేతులా అదిమి పట్టుకోవాలి. ఇంజను నడిపి పడవను తిప్పడం ఆమె పని. అతిథి సొమ్మసిల్లి ఉన్నాడు. మిగిలింది డాక్టర్ సూర్యనారాయణ.

ఆయన కోటు విప్పనన్నాడు. కోటుతోనే ట్యాంకు భుజానికెత్తుకుని, కాళ్లు ఎడంగా పెట్టి, పడవ మధ్యలో నిలబడ్డాడు. విజయకుమారి తాడు లాగింది. ఇంజను అందుకుని, సాఫీగా, దగ్గు లేకుండా నడిచింది. మూత మీది స్క్రూ వదులుగా ఉంది కాబట్టి పడవ ఊగినప్పుడల్లా పెట్రోలు చుక్కచుక్కగా హెడ్డు మెడ మీద, కోటు మీద కారింది. ట్యాంకు కొంచెం దిగితే చాలు, ఇంజను గొంతు బొంగురుపోయేది. "పైకండీ, ఇంకొంచెం పైకి" అని విజయకుమారి వెనకనుంచి చెబుతూనే ఉంది. చెప్పవలసిన అవసరం కన్నా ఒకటి రెండుసార్లు ఎక్కువే చెప్పింది.

ఒడ్డున కారు సిద్ధంగా ఉంది. అతిథికి గ్లూకోజు నీళ్లు పట్టించి, గెస్టు హౌసులో పడుకోబెట్టి, డాక్టరును పిలిపించారు. సాయంత్రానికి ఆయన లేచి కూర్చున్నాడు. బెల్లం పెట్టిన అమ్మాయి ఎవరని అడిగాడట. హెడ్డు ఏం చెప్పాడో ఎవరికీ తెలియదు.

మర్నాడు స్టాఫ్ మీటింగు. హెడ్డు నిన్నటి సంగతి వివరించాడు. ట్యాంకు ఎత్తు విషయం తాను సమయానికి గ్రహించి, స్వయంగా భుజానికెత్తుకోవడం వల్ల ప్రమాదం తప్పిందన్నాడు. ఇకమీదట ఆ ఇబ్బంది లేకుండా బోటులో అమర్చడానికి ఒక ఇనప స్టాండు చేయించాలని కమిటీ నిర్ణయించిందన్నాడు. విజయకుమారి గారు కొంచెం కంగారు పడ్డారు కాని అది సహజమే అని చిరునవ్వు నవ్వాడు. గొట్టం మాట రాలేదు.

విజయకుమారి లక్ష్మీనర్సయ్య వైపు చూసింది. ఇప్పుడు చెబుతాడు, నిన్న చెప్పినవాడు ఇవాళ చెప్పడా అనుకుంది. అతను కిటికీ బయట ఏదో చూస్తున్నాడు.

"అంతే కదా నర్సయ్యా?" అన్నాడు హెడ్డు.

"అవును సార్."

ఆమెకు నిన్నటినుంచి అతని మీద కలిగిన కాస్త గౌరవం అక్కడే ఆవిరైపోయింది. ఇంతే ఈ మనిషి అనుకుంది. సాయంత్రం పుస్తకాలు సర్దుకుని తార్నాక దారి పట్టింది. క్యాంపసు రోడ్డు మీద వెనకనుంచి సైకిలు దిగి నడిచి వస్తున్న చప్పుడు వినిపించింది. లక్ష్మీనర్సయ్య. ఆమె ఆగలేదు. అతను సైకిలు తోసుకుంటూ పక్కన నడిచాడు. కొంతదూరం పోయాక, మీటింగులో ఎందుకు నోరు మూసుకున్నారండీ అని ఆమే అడిగింది. అడగడంలో ఉన్న వెటకారం ఆమెకే వినబడింది.

"మేడం, ఆ మూత సంగతి మీకు ఎప్పటిసంది ఎరుక?"

ఆమె పుస్తకాలు ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకుంది.

"వరండల నేను దాన్ని బిగిస్తున్నప్పుడు మీరు చూసిన్రు. చూసి నవ్విన్రు. నేను అప్పుడే అనుకున్న, ఏదో తప్పు చేస్తున్న అని. ఏందో తెల్వలె. అడుగుదామంటె, మీరు నా మాట మీద నవ్వుతరని అడగలె."

"నన్నెవరూ అడగలేదు" అంది విజయకుమారి.

"మీది పర్మనెంట్ నౌకరి. చెప్తె మిమ్మల్ని ఎవ్వరేం జేస్తరు? నాది అట్ల కాదు. హెడ్డు సంతకం చేస్తెనే వచ్చే ఏడాది గీడ ఉంట, లేకుంటె ఊరికి పోవాలె." అతను గొంతు పెంచలేదు. "నేను బతుకుదెరువుకు ఊకున్న మేడం. మీరు నవ్వుకోనీకి ఊకున్నరు. ఆ ముసలాయన పానం మీదికొచ్చింది."

అంతే అని సైకిలెక్కి వెళ్లిపోయాడు. బదులు చెప్పడానికి విజయకుమారికి ఎన్నో మాటలు తోచాయి. తార్నాక చౌరస్తా చేరేలోగా అవన్నీ ఒక్కొక్కటే అనుకుని చూసింది. ఏదీ నిలబడలేదు. ఇంట్లో తల్లి ఏమైందని అడిగితే తలనొప్పి అంది. ఆ రాత్రి పడుకుని, అతన్ని తిట్టుకుందామని ప్రయత్నించింది. అతని యాసను పట్టుకుని నవ్వుకుందామనుకుంది. అతని మాటలు అతని గొంతుతోనే వినిపించాయి కాని నవ్వు రాలేదు.

పొద్దున్నే హెడ్డు గదికి వెళ్లింది. సార్, తప్పు ట్యాంకు ఎత్తుది కాదు, గొట్టానిది. ఆ రబ్బరు పెట్రోలుకు పనికిరాదు, స్టాండు పెట్టినా అది ఉబ్బుతుంది, ఒకరోజు అసలే మూసుకుంటుంది. మూత స్క్రూ బిగించడం ఇంకో తప్పు. అది నాకు ముందే తెలుసు, నేను చెప్పలేదు, అది నా తప్పు. ఎత్తు సంగతి కనిపెట్టింది మీరు కాదు, లక్ష్మీనర్సయ్య గారు. ఇవన్నీ నిలబడే చెప్పింది. హెడ్డు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన కోటు కుర్చీకి వేలాడుతున్నది. గదంతా పెట్రోలు వాసన. మంచి సూచనే, కమిటీలో పెడదాం అన్నాడు. స్టాండుకు వెల్డింగు మొదలైపోయింది కదా, దాన్ని ఆపడం బాగుండదన్నాడు.

ఆ మనిషిని చూస్తూ నిలబడ్డ విజయకుమారికి, ఇన్నేళ్లుగా తాను పెదవి చివర దాచుకున్న నవ్వు ఈయనకు ఏనాడూ తగల్లేదని తెలిసింది. తగిలిందల్లా వరండాలో మోకాళ్ల మీద కూర్చున్నవాడికే.

శనివారం ఆమె రాణిగంజ్ వెళ్లి, మోటారు సామాన్ల దుకాణంలో కార్లకు వాడే పెట్రోలు పైపు కొనుక్కొచ్చింది. సోమవారం కొంగు నడుముకు దోపుకుని వరండాలో కూర్చుంది. పాత గొట్టం ముక్కొకటి నిలువునా కోసి, లోపలి వాపు కనబడేటట్టు ఒక కాగితం మీద పెట్టి, వచ్చేపోయే వాళ్లకు చూపించింది. కాసేపటికి లక్ష్మీనర్సయ్య వచ్చాడు. ఎదురుగా కూర్చుని పైపు రెండో కొస పట్టుకున్నాడు. ఆమె క్లిప్పు బిగించింది. ట్యాంకును ఈసారి నేల మీదే పెట్టారు. మొన్న మీరన్నది నిజమేనని ఆమె మెల్లగా అంది. ఎరుకనే అన్నాడు అతను. అంతకు మించి ఆ మాట ఎత్తలేదు.

హెడ్డు అటుగా వచ్చి చూశాడు. పైపూ స్టాండూ రెండూ ఉండటం మంచిదే, డబుల్ సేఫ్టీ అన్నాడు. "స్టాండు అక్కర్లేదండీ, అది దండగ" అంది విజయకుమారి, పదిమందికీ వినబడేటట్టు. భీమయ్య దగ్గాడు. హెడ్డు గడియారం చూసుకుని వెళ్లిపోయాడు. వారం తిరక్కుండా స్టాండు వచ్చింది. పచ్చరంగు వేయించిన, నాలుగు కాళ్ల, గట్టి స్టాండు. పడవలో పట్టలేదు. చంద్రయ్య దాన్ని వరండాలో పెట్టి మంచినీళ్ల కుండ ఎక్కించాడు. ఆ విభాగంలో కమిటీ వేసి చేయించిన వస్తువుల్లో నలుగురికీ పనికొచ్చింది అదొక్కటే.

విజయకుమారి మారిపోయిందని చెప్పలేం. పని రానివాళ్లంటే ఆమెకు ఇప్పటికీ మంటే. కాకపోతే ఆ మంట పెదవి చివర ఆగకుండా నోట్లోంచి బయటికి రావడం మొదలైంది. ఇదివరకు నెమ్మదస్తురాలనుకున్న మనిషికి ఇప్పుడు నోరు పెరిగిందని విభాగంలో చెప్పుకున్నారు.

కార్తీకంలో ఒక పొద్దున నీటి నమూనాలకు ఇద్దరూ చెరువు మీదికి వెళ్లారు. ఇంజను ఎక్కడా దగ్గలేదు. సీసాలు నింపడానికి రెండు చేతులూ కావలసి వచ్చి, కాసేపు పడవ మీరు నడపండని ఆమె లక్ష్మీనర్సయ్యకు అప్పగించింది. అతను కుడికి తిప్పవలసింది ఎడమకు తిప్పి, నిండు వేగంతో తీసుకెళ్లి తుంగలో దూర్చాడు. రెండు సీసాలు పగిలాయి. ఆమె చీర మోకాళ్ల దాకా బురదైంది.

"మీకు కళ్లున్నాయా అసలు? ఇంత చెరువుంటే ఆ గడ్డే దొరికిందా మీకు?" అని విజయకుమారి అరిచింది.

లక్ష్మీనర్సయ్య తల మీది తుంగపోచలు తీసేసుకుంటూ నవ్వాడు. తెడ్డు అందుకుని పడవను మెల్లగా వెనక్కి తొయ్యసాగాడు. ఆమె ఇంకా తిడుతూనే ఉంది.